జాలీబాయ్ దీవికి వెళ్లాలా, వద్దా? 22 ఏళ్లుగా ఆ బోట్లలో తిరుగుతున్నవాడి మాట

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో ఐదు రోజులు అండమాన్ వస్తున్నారు. అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల పాప వెంట ఉంటారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఎవరికీ ఈత రాదు. జాలీబాయ్‌లో హోటల్ లేదు, టీ కొట్టు కూడా లేదని విన్నారు. మనుషులే లేని దీవిలో ఏం చూస్తాం, ఒక రోజు వేస్ట్ అవుతుందా, పాప శంఖాలు ఏరుకోవచ్చా అని.

వెళ్లండి. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో టూర్ ఏజెంట్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు, అది నమ్మి మాత్రం వెళ్లకండి. నిరాశపడి తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఏదో జరుగుతుందని ఎదురుచూసినవాళ్లే. జాలీబాయ్‌లో మీకోసం ఎవరూ ఏమీ జరిపించరు. ఎక్కడ చూడాలో తెలిస్తే రెండున్నర గంటలు చాలవు, తెలియకపోతే అరగంటకే వాచీ చూసుకుంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను. 2003 నుంచి బోట్లమీద పని. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ ఆటోవాళ్ల నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. నేనూ అలాగే రాస్తాను, ఏమనుకోకండి.

ముందు ‘మనుషులు లేని దీవి’ సంగతి. ఇక్కడది వింత కాదు. అండమాన్ నికోబార్‌లో దీవులు, లంకలు, నీళ్లలోంచి తల ఎత్తిన రాళ్లు అన్నీ కలిపి 836. జనం ఉండేవి 40 లోపే. మరి జాలీబాయ్‌కి అంత పేరు ఎందుకంటే, అలాంటి దీవిమీద మామూలు మనిషి పగటిపూట కాలు పెట్టడానికి అనుమతి ఉన్న కొద్ది చోట్లలో అదొకటి. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో అది ఒక భాగం. 1983లో పెట్టిన పార్కు, 15 దీవులు, మొత్తం దాదాపు 281 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. పక్క దీవుల పేర్లు గ్రబ్, స్నాబ్, ప్లూటో, ట్విన్స్. బ్రిటిష్‌వాళ్లు ఏ మూడ్‌లో పెట్టారో మరి. జాలీబాయ్‌లో బాయ్ కూడా అబ్బాయి కాదు, సముద్రంలో గుర్తుగా తేలే బోయా.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ 29 కిలోమీటర్లు, కారులో గంట. దారిలో సిప్పీఘాట్ వస్తుంది, అక్కడ నిద్రపోకండి. రోడ్డు పక్కన చిత్తడినేల, నీళ్లు, వాటిలో కొంగలు కనిపిస్తాయి. మా చిన్నప్పుడు అవి వరిపొలాలు. 2004 డిసెంబర్ 26న భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కిందికి దిగిపోయింది. సునామీ వచ్చి వెళ్లిపోయింది గానీ ఆ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీళ్లు మాత్రం వెళ్లలేదు. వండూర్ బీచ్‌లో పడి ఉండే పెద్దపెద్ద ఎండు మానులూ ఆ దెబ్బకి చచ్చినవే. టూరిస్టులు వాటిమీద కూర్చుని ఫోటోలు దిగుతారు. ఉత్తర అండమాన్‌లో అదే రోజు నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్లు లేక ఎండలో మాడిపోయాయి. ఒకే భూకంపం, ఆ చివర ఒకలా, ఈ చివర ఒకలా.

వండూర్ జెట్టీలో మీ బ్యాగులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ ఒక్క ముక్క దాటనివ్వరు. నీళ్ల బాటిల్, చిప్స్ ప్యాకెట్, బిస్కెట్ కవర్, చెప్పుల కోసం తెచ్చిన క్యారీబ్యాగ్, అన్నీ అక్కడే ఆగిపోతాయి. తిండి స్టీలు డబ్బాలో పెట్టుకోండి. నీళ్ల సీసాలు అక్కడే డిపాజిట్ కట్టి తీసుకోవచ్చు. ఈ తనిఖీ దగ్గర గొడవపడేవాళ్లని రోజూ చూస్తాను. మనవాళ్లే ఎక్కువ, ఏం దాచుకోను. పర్మిట్ ముందుగానే తీసుకోవాలి, సోమవారం దీవికి సెలవు. వానాకాలంలో జాలీబాయ్ మూసేసి రెడ్‌స్కిన్ దీవి తెరుస్తారు. మీరు వచ్చే డిసెంబర్‌లో జాలీబాయే.

బోటు ప్రయాణం గంట. ఆ గంట సెల్ఫీలకి పెట్టేస్తారు అందరూ. నన్నడిగితే రోజు మొత్తంలో సగం చూడాల్సింది అక్కడే ఉంది. రెండు పక్కలా మడ అడవి. కోరంగి చూసి ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. గోదావరి దగ్గర ఎక్కువగా కనిపించేది తెల్లమడ, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేర్లు పైకి పొడుచుకొస్తాయి. ఇక్కడ ఎక్కువగా ఉండేవి వంపు తిరిగిన కాళ్లమీద నిలబడ్డట్టు ఉండే చెట్లు. పాటు సమయంలో ఆ కాళ్లు మొత్తం బయటపడతాయి, వాటికి అంటుకున్న ఆల్చిప్పలు కూడా. ఈ చెట్టు గింజ కింద పడేదాకా ఆగదు, కొమ్మకి ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది. పాపకి అవి చూపించండి. వేర్ల మధ్య బురదమీద చూస్తే చేపలు నడుస్తూ కనిపిస్తాయి. మడ్‌స్కిపర్లు అవి. కళ్లు నెత్తిమీద ఉంటాయి, ముందు రెక్కలమీద కుంటుతూ పోతాయి, ఒకదాన్ని ఒకటి చూసి వీపుమీది రెక్క విప్పి బెదిరించుకుంటాయి.

ఇదే చోట ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు. బోటు అంచున చెయ్యి నీళ్లలో వేలాడేయకండి, వండూర్ బీచ్‌లో హెచ్చరిక బోర్డులు ఉన్నచోట నీళ్లలోకి దిగకండి. దీవి దగ్గర కూడా గార్డు ఇక్కడ దిగండి అన్నచోటే దిగండి. నేను ఇన్నేళ్లలో ఆ మడ పాయల్లో మొసలిని చూసింది వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కొట్టుకొచ్చిన దుంగ అనుకున్నది చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయింది, అంతే.

మడ దాటగానే నీళ్ల రంగు మారుతుంది. ఆకుపచ్చ బురదరంగు పోయి, అడుగు కనిపించే నీలం వస్తుంది. మన కోస్తాలో ఈ రంగు ఎందుకు ఉండదని చాలామంది అడుగుతారు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీళ్లు. పగడానికి రెండూ పడవు, ఎండ లోపలికి దిగే నీళ్లు కావాలి దానికి. విశాఖ దగ్గర రాళ్లమీద అక్కడక్కడ పగడాలు ఉన్నాయి గానీ ఇలా దిబ్బలు కట్టవు.

దీవి దగ్గర పెద్ద జెట్టీ ఏమీ లేదు. పెద్ద బోటులోంచి అడుగున అద్దం ఉన్న చిన్న బోటులోకి మారాలి. నాన్నగారికి కష్టమైన పని ఇదొక్కటే. రెండు బోట్లూ ఊగుతుంటాయి. తొందరపడి ముందు దిగొద్దు, అందరూ దిగాక కుర్రాళ్లని పిలిస్తే చెరో పక్క పట్టుకుంటారు. ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో దిగాల్సి రావచ్చు, ప్యాంటు మడిచే వీలున్నది వేసుకోమనండి. నీళ్లలో వేసుకునే చెప్పులు తప్పనిసరి. నేను కొత్తలో వట్టికాళ్లతో దిగి సీ అర్చిన్ మీద కాలేశాను. నల్లటి ముళ్లబంతిలా ఉంటుంది. ముల్లు లోపలే విరిగిపోతుంది, తీద్దామంటే పొడిపొడి అవుతుంది. మూడు రోజులు కుంటుతూ నడిచాను. ఇప్పటికీ ఆ మడమ నొక్కితే చెప్తుంది.

అద్దాల బోటులో చిన్న రౌండు టికెట్‌లోనే ఉంటుంది, పెద్ద రౌండుకి విడిగా డబ్బు. ఈత రాని కుటుంబం కాబట్టి పెద్ద రౌండు తీసుకోండి, ఈ ఒక్కదానికి పిసినారితనం వద్దు. చిన్న కిటుకు చెప్తాను. అద్దంమీద ఆకాశం మెరిసి ఏమీ కనిపించదని అందరూ విసుక్కుంటారు. తలమీంచి తువ్వాలు కప్పుకుని, మొహం అద్దానికి దగ్గరగా పెట్టండి. చీకటి గదిలో టీవీ చూసినట్టుంటుంది.

ఏం కనిపిస్తుంది? ఇక్కడ నిజం చెప్పాలి. 2009లో నేను చూపించిన జాలీబాయ్ ఇప్పుడు లేదు. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి 31 డిగ్రీలు దాటింది. పగడం చెట్టు కాదు, రాయీ కాదు, గుండుసూది తలంత పురుగుల కాలనీ. ఒక్కో పురుగు ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. రంగు ఆ నాచుదే, తిండిలో పెద్ద వాటా కూడా అదే వండిపెడుతుంది. నీళ్లు మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే పురుగు ఆ నాచుని బయటికి కక్కేస్తుంది. అప్పుడు కింది సున్నపు ఎముక కనిపిస్తుంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో బోటులోంచి చూస్తే అడుగంతా ఎవరో సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసింది. టూరిస్టులు ‘ఎంత బ్యూటిఫుల్’ అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. తెల్లబడింది వెంటనే చచ్చినట్టు కాదు, నీళ్లు త్వరగా చల్లబడితే తేరుకుంటుంది. అప్పుడు చల్లబడలేదు. కొన్ని వారాలకి తెలుపుమీద పాచి పట్టింది. కొమ్మల పగడాలు, జింక కొమ్ముల్లా ఉండేవి, ముందు పోయాయి. బండల్లా ఉండేవి చాలావరకు తట్టుకున్నాయి. మళ్లీ 2016లో ఇంకో దెబ్బ.

కాబట్టి మీరు అద్దంలోంచి చూసేటప్పుడు కొన్నిచోట్ల విరిగిన కొమ్మలు చితుకుల కుప్పలా పడి ఉంటాయి. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఆ కుప్పల మధ్య ఊదారంగు లేదా లేత నీలం మొనలతో అరచేయంత కొత్త కొమ్మలు ఎక్కడైనా కనిపిస్తాయేమో చూడండి. కొమ్మల రకం బాగా ఉంటే ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బండ పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అంటే మీ బోటు కింద అంబాసిడర్ కారంత బండ కనిపిస్తే, అది మొదలైనప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలే లేదు.

నాకు ఇష్టమైనది పెద్ద ఆల్చిప్ప. పగడపు బండలో సగం కూరుకుపోయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది. లోపల పెదవులు ఒకదానికి నెమలి నీలం, ఇంకొకదానికి ఆకుపచ్చ, ఇంకొకదానికి గోధుమరంగుమీద చుక్కలు. పగడంలో ఉండే జాతి నాచే దాని పెదవుల్లోనూ ఉంటుంది, అందుకే ఎండకి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. బోటు నీడ మీద పడగానే టక్కున మూసుకుంటుంది. కాసేపు ఆగితే మెల్లగా, అనుమానంగా మళ్లీ తెరుస్తుంది. పాపకి ఇది చూపించి బోటువాడిని రెండు నిమిషాలు ఆపమనండి, ఆపుతాడు.

చిలకచేపలు చెప్పక్కర్లేదు, వాటంతట అవే కనిపిస్తాయి. ఆకుపచ్చ, గులాబి రంగులు, చిలక ముక్కులాంటి పళ్లు. అవి పగడం గీకుతూ తింటుంటే నీళ్లలో తల పెట్టినవాడికి ‘కర్ కర్’మని వినిపిస్తుంది. ఆ సున్నం పొట్టలో పిండి అయి, వెనకనుంచి ఇసుకగా బయటికొస్తుంది. పెద్ద జాతుల్లో ఒక్కో చేప ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. మీరు కూర్చునే తెల్ల ఇసుకలో మంచి వాటా చేపల పెంటే అన్నమాట. అన్నం డబ్బా విప్పేముందు చెప్పకండి ఈ మాట, తిన్నాక చెప్పండి. నమ్మకపోతే ఒక నిమ్మకాయ చెక్క వెంట తీసుకెళ్లండి. గుప్పెడు పొడి ఇసుకమీద పిండి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటమంటుంది, నురగ కూడా వస్తుంది. సున్నం కదా. విశాఖ ఆర్కే బీచ్ ఇసుక ఎక్కువభాగం కొండరాతి పొడి, దానిమీద అంత నురగ రాదు. నేను ఇంతవరకు పిల్లల్ని గెలుచుకున్నది ఈ నిమ్మకాయతోనే.

తెలుపు, నారింజ చారల క్లౌన్ ఫిష్ కూడా ఉంటుంది, ఊగే వేళ్లున్న సీ అనిమోన్ అనే సముద్రజీవిలో దాక్కుని. ఆ గుంపులో అన్నింటికంటే పెద్దది ఆడది, ఇంటి యజమానురాలు. అది పోతే దాని మొగుడు కొన్ని వారాల్లో ఆడదైపోయి ఆ కుర్చీలో కూర్చుంటాడు. దీనిమీద బోటులో జోకులు వేయని కుటుంబం లేదు.

స్నార్కెలింగ్, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలో మొహం పెట్టి చూడటం, అడిగారా అనుకోండి, ఈత రాకపోయినా గైడ్ రింగు పట్టుకుని లోతు తక్కువచోట తిప్పుతాడు. పాప చేయొచ్చు, మీరూ చేయొచ్చు. ఒక్కటే మాట, భయమేసినా పగడంమీద నిలబడొద్దు. కాలు కోసుకుంటుంది, ఆ గాయం ఓ పట్టాన మానదు. పగడం సంగతి చెప్పనే అక్కర్లేదు, పదేళ్లు పెరిగింది ఒక్క అడుగుకి విరుగుతుంది. పోటు వచ్చినప్పుడు ఈదడం తేలిక, పాటులో దిబ్బ పొట్టకి తగిలేంత పైకి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా ఎక్కువ. మీకు తేదీల్లో వెసులుబాటు ఉంటే ఉదయం పది, పదకొండుకి పోటు పడే రోజు చూసుకోండి, హోటల్‌వాళ్లని అడిగినా చెప్తారు.

ఇక దీవి. అందరూ నీళ్లవైపు మొహం పెట్టి కూర్చుంటే అమ్మగారిని, నాన్నగారిని చెట్లకింద కూర్చోబెట్టండి. అక్కడ వాళ్లకి తెలిసిన చెట్లే కొన్ని ఉన్నాయి. మొగలి ఉంది. పొన్న ఉంది. బాదం ఉంది, మన ఇళ్ల ముందు ఉండే బాదమే. ఇవన్నీ నీళ్లమీద కొట్టుకొచ్చిన కాయల సంతానం, ఎవరూ నాటలేదు. చతురస్రంగా, పెట్టెలాంటి కాయ ఇసుకమీద కనిపిస్తే అది బారింగ్‌టోనియా. ఎంత తేలికంటే నెలల తరబడి తేలుతుంది. దాని పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. మీరు దిగేసరికి చెట్టుకింద తెలుపు, గులాబి కుంచెల్లా పడి ఉంటాయి. ఆ చెట్టుకింద రాత్రిపూట గబ్బిలాలు, పురుగులు చేసే సందడి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. రాత్రి ఉండటానికి ఎవరికీ అనుమతి లేదు, నాకు కూడా.

పెద్ద జంతువులు ఆశించకండి. నేలమీద నీటి ఉడుము కనిపిస్తే అదృష్టం. ఈ దీవుల మధ్య చుక్కల జింకలు ఈదుకుంటూ తిరుగుతాయి. అవి ఇక్కడివి కావు, బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలారు. పులి లేదు, చిరుత లేదు, విపరీతంగా పెరిగి అడవి మొలకలు తినేస్తున్నాయి. పిట్టలు మాత్రం తలెత్తితే చాలు. తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటైనా తిరుగుతుంటుంది. రాళ్లమీద కొంగలు చూడండి, ఒకటి తెల్లగా, పక్కది బొగ్గురంగులో. రెండూ ఒకే జాతి. డ్యూగాంగ్, అంటే సముద్రపు ఆవు, ఈ దీవుల రాష్ట్ర జంతువు. అది కనిపిస్తుందని ఎవరైనా డబ్బులు అడిగితే నవ్వి ఊరుకోండి.

సాండ్‌ఫ్లై అనే చిన్న ఇసుక ఈగ కుడుతుంది, దురద వారం ఉంటుంది. ఇసుకమీద నేరుగా కూర్చోకుండా దుప్పటి పరచండి, కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం. నీళ్లమీద నడిపే స్కూటర్లు, సీ వాక్, బనానా రైడ్ కావాలంటే నార్త్ బే వెళ్లండి, అది వేరే సరదా. రెండూ ఒకటే అని చెప్పే ఏజెంట్‌ని నమ్మకండి.

చివరగా పాప శంఖాల సంగతి. ఏరుకోకూడదు. చచ్చిన పగడం ముక్క కూడా తీసుకోకూడదు, పగడాలు వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చట్టం పక్కన పెడితే, ఆ దీవిలో ఖాళీ శంఖం అంటే ఖాళీ ఇల్లు. సన్యాసి పీతలకి సొంత డొప్ప ఉండదు. ఒళ్లు పెరిగేకొద్దీ ఇంకాస్త పెద్ద శంఖం వెతుక్కోవాలి. చెట్లనీడలో కదలకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే ఇసుకంతా కదలడం మొదలవుతుంది, అన్నీ అవే. ఒకసారి పెద్ద శంఖం ఒకటి ఖాళీ అయ్యింది. చుట్టూ అయిదారు పీతలు చేరి, పెద్దది దాంట్లోకి మారగానే దాని పాత ఇంట్లోకి రెండోది, దాని ఇంట్లోకి మూడోది, రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనక ఒకటి మారిపోయాయి.

మనం ప్లాస్టిక్ తేకపోయినా సముద్రం తెస్తుంది. మయన్మార్, థాయ్‌లాండ్, ఇండోనేసియా అక్షరాలున్న సీసాలు ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉంటాయి. రెండేళ్ల క్రితం ఒక పీత నీలంరంగు సీసా మూత తొడుక్కుని, సగం ఒళ్లు బయటే పెట్టుకుని పాకుతూ కనిపించింది. దగ్గర్లో పడున్న రెండు శంఖాలు తెచ్చి దాని ముందు పెట్టాను. తిరుగు బోటు కూత వేసేదాకా చూశాను. ఒకదాన్ని చాలాసేపు తడిమింది, కాళ్లు లోపలికి పెట్టి కొలిచింది, ఇంకా మారలేదు. నేను వెళ్లిపోవాల్సి వచ్చింది.

పాపకి శంఖం కావాల్సిందే అంటే పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ ఎంపోరియంలో కొనండి. బిల్లు పారేయకండి, ఎయిర్‌పోర్టులో అడుగుతారు.